బైబిల్‌లో చదివిన ఊళ్లు ఇప్పుడెక్కడున్నాయి? పేరొక్కటే నమ్ముకుంటే బోల్తా పడటం ఖాయం!

సిద్దిపేట: వేములఘాట్ ఎక్కడుంది? సిద్దిపేట జిల్లాలో ఇవాళ ఈ ప్రశ్న అడిగితే రెండు జవాబులు వస్తాయి. తొగుట మండలంలో ఉండేది, ఇప్పుడు మల్లన్నసాగర్ నీళ్ల కింద ఉంది అంటారు కొందరు. గజ్వేల్ దగ్గర ఆర్ అండ్ ఆర్ కాలనీలో ఉంది అంటారు ఇంకొందరు. రెండూ నిజమే. ఊరున్న నేల ఒక చోట, ఊరి పేరూ జనమూ మరో చోట. పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్ లాంటి ముంపు గ్రామాల సంగతీ ఇంతే.

ఇప్పుడు ఒక్కసారి ఊహించండి. రెండు వేల ఏళ్ల తర్వాత ఎవరో పాత కాగితంలో వేములఘాట్ అన్న పేరు చూసి వెతుక్కుంటూ వస్తారు. గజ్వేల్ పక్కన ఆ పేరు వినబడుతుంది. అక్కడే తవ్వుతారు. పాత గుడి ఉండదు, పాత బావి ఉండదు, తాతల నాటి ఇంటి పునాది ఒక్కటీ దొరకదు. 'అసలు అలాంటి పాత ఊరే లేదు, కాగితంలో రాసింది అబద్ధం' అని వాళ్లు తేల్చేసినా ఆశ్చర్యం లేదు.

బైబిల్‌లోని ఊళ్లను వెతికేవాళ్లకు దాదాపు 200 ఏళ్లుగా ఎదురవుతున్న చిక్కు ఇలాంటిదే.

మెదక్ చర్చికి వెళ్లేవాళ్లకు, ఊళ్లో ఆదివారం ఆరాధనలో కూర్చునేవాళ్లకు కపెర్నహూము, బేత్సయిదా, కానా, ఎమ్మాయు పేర్లు కొత్తేం కాదు. యెరూషలేం యాత్రకు వెళ్లొచ్చినవాళ్లు ఫోన్‌లో ఫొటోలు కూడా చూపిస్తుంటారు. బస్సు దిగగానే గైడ్ 'ఇదే కానా' అంటే అదే అనుకుని దండం పెట్టుకుంటారు. ఇంతకీ అదే కానా అని తేల్చిందెవరు? ఎలా తేల్చారు?

పేరు పట్టుకుని బయల్దేరిన ప్రొఫెసర్

కొన్ని ఊళ్లకు అసలు గొడవే లేదు. యెరూషలేం, బేత్లెహేము, నజరేతు పేర్లు ఎప్పుడూ జనం నోట్లోంచి పోలేదు. నీనెవె శిథిలాలు ఇరాక్‌లోని మోసుల్ నగరంలో ఉన్నాయి. ఎస్తేరు కథ జరిగిన షూషను ఇరాన్‌లోని షూష్. స్ముర్న ఇప్పుడు టర్కీలోని ఇజ్మీర్. కష్టమల్లా చిన్న ఊళ్లతోనే.

1838లో ఎడ్వర్డ్ రాబిన్సన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ పాలస్తీనా వెళ్లారు. వెంట అరబిక్ బాగా తెలిసిన మిషనరీ ఎలై స్మిత్ ఉన్నారు. వాళ్ల లెక్క చాలా సింపుల్. రాజులు మారతారు, ఆఫీసు భాష మారుతుంది, కానీ పొలం దున్నుకునే రైతు తన ఊరి పేరు అంత తొందరగా మార్చుకోడు. అందుకే మఠాల్లో చెప్పే కథలు పక్కనపెట్టి ఊరూరా తిరిగి పేర్లు అడిగారు. యిర్మీయా పుట్టిన అనాతోతు, అరబ్బుల నోట అనాతా అయ్యి అక్కడే ఉంది. మిక్మషు ముఖ్మాస్ అయ్యింది. షిలోహు సైలూన్‌గా, బేతేలు బైతీన్‌గా దొరికాయి. ఒక్క ప్రయాణంలోనే వందకు పైగా ఊళ్లు గుర్తించారు.

తెలంగాణ వాళ్లకు ఇది అర్థం కావడం ఎంత సేపు! నిజామాబాద్ అని ఆఫీసు బోర్డు మీద ఉంటుంది, జనం నోట్లో ఇందూరు ఇంకా బతికే ఉంది. మహబూబ్‌నగర్ అంటే పాలమూరే. పాలస్తీనాలోనూ అంతే జరిగింది. బేత్షానుకు గ్రీకులు, రోమన్లు స్కితోపోలిస్ అని పేరు పెట్టి కొన్ని వందల ఏళ్లు అలాగే రాసుకున్నారు. వాళ్ల పాలన పోయాక చూస్తే ఊరి పేరు బైసాన్! పాత పేరు ఎక్కడికీ పోలేదు, రాతలో లేదంతే.

సిద్దిపేట నుంచి చేర్యాల మీదుగా ఆలేరు వైపు వెళ్తే వచ్చే కొలనుపాక కూడా ఇలాగే దొరికిన ఊరు. శాసనాల్లో దాని పేరు కొల్లిపాక. కల్యాణి చాళుక్యుల కాలంలో పెద్ద నగరం. తాను జయించిన ఊళ్ల జాబితాలో రాజేంద్ర చోళుడు చెప్పుకున్న కొల్లిప్పాక్కై ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఇక్కడ పేరు దగ్గరగా ఉండటమొక్కటే కాదు, ఆ ఊళ్లోనే ఆ పేరుతో శాసనాలున్నాయి. అందుకే దీని మీద పెద్దగా వాదన లేదు.

అయితే ఒక్కోసారి కొత్త పేరే పాతదాన్ని మింగేస్తుంది. షెకెము పక్కన రోమన్లు నెయాపోలిస్ కట్టారు. ఆ మాటకు అర్థం 'కొత్త ఊరు' అనే. అదే ఇవాళ్టి నాబ్లుస్. అసలు షెకెము మాత్రం నగరం అంచున బలాతా అనే చోట దిబ్బగా మిగిలింది. యెరికో కూడా అంతే. పేరు ఇప్పటి ఊరికి ఉంది, పాత ఊరు పక్కన మట్టిదిబ్బలో ఉంది.

రాబిన్సన్ బోల్తా పడింది సరిగ్గా ఈ దిబ్బల దగ్గరే. తెల్ ఎల్ హెసీ అనే దిబ్బ ఎక్కి చూసి, ఇక్కడ పాత ఊరి గుర్తులేమీ లేవని దిగి వచ్చేశారు. ఆయన నిలబడ్డది ఒక ఊరి మీద కాదు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఎన్నో ఊళ్ల మీద.

'తెల్' అంటే మన పాటిగడ్డే

అరబిక్‌లో, హీబ్రూలో తెల్ అంటారు. తెలుగులో పాటిగడ్డ, పాటిదిబ్బ అంటారు. పాత ఊరు పాడుబడి మిగిలిన మిట్ట. ఉమ్మడి మెదక్ జిల్లాలోనే, ఇప్పటి సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో శాతవాహనుల నాటి ఊరు బయటపడ్డ చోటును జనం పిలిచే పేరు కూడా పాటిగడ్డే. 1940ల మొదట్లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో నిజాం పురావస్తు శాఖ అక్కడ తవ్వింది. వేల సంఖ్యలో నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు దొరికాయి. పక్కనే మ్యూజియం కూడా ఉంది. హైదరాబాద్ నుంచి రెండు గంటల దారి కూడా కాదు. అయినా చాలామందికి తెలియదు, అదో విడ్డూరం.

పాటిగడ్డ ఎలా తయారవుతుంది? మట్టి గోడల ఇల్లు ముప్పై నలభై ఏళ్లకు కూలుతుంది. ఆ మట్టిని మోసి దూరంగా పారబోసే ఓపిక ఎవరికీ ఉండదు. అక్కడే చదును చేసి దాని మీదే కొత్త ఇల్లు కట్టుకుంటారు. ఇలా వందల ఏళ్లు జరిగితే ఊరు నెమ్మదిగా పైకి లేస్తుంది. పైన ఉన్నది కొత్తది, కిందకు పోయేకొద్దీ పాతది.

మరి ఏ పొర ఎప్పటిదో ఎలా తెలుస్తుంది? జవాబు కుండపెంకులు. 1890లో ఫ్లిండర్స్ పెట్రీ అదే తెల్ ఎల్ హెసీలో తవ్వి ఈ సంగతి చూపించారు. కుండ పగిలితే ఎవరూ దాచుకోరు, పారేస్తారు. పెంకు కుళ్లదు, తుప్పు పట్టదు. పైగా కుండ అంచు, రంగు, కాల్చిన తీరు కాలంతోపాటు మారుతూ ఉంటాయి. ఇవాళ ఒక ఇంటి వెనక గుంత తీస్తే పైన ప్లాస్టిక్ కవర్లు, కొంచెం కింద అల్యూమినియం గిన్నె ముక్క, ఇంకా కింద ఉత్త మట్టికుండ పెంకులే వచ్చాయనుకోండి. ఏది ఎవరి కాలమో చదువు రాని అవ్వ కూడా చెప్పేస్తుంది. పురావస్తు శాఖ వాళ్లు చేసేది అదే పని, కాకపోతే చాలా ఓపిగ్గా, కొలతలు రాసుకుంటూ చేస్తారు.

అంటే ఒక ఊరిని గుర్తించాలంటే పేరు కుదరాలి, పాత రాతల్లో చెప్పిన దూరం, దిక్కు కుదరాలి, దిబ్బలో దొరికిన పెంకుల వయసు కూడా కుదరాలి. మూడింట్లో ఒకటి తప్పినా అనుమానమే. బైబిల్‌లోని హాయి పట్టణం ఉదాహరణ చూడండి. ఎత్-తెల్ అనే దిబ్బే హాయి అని చాలామంది పండితులు ఒప్పుకున్నారు. పేరుకు అర్థం కుదిరింది, బేతేలుకు దగ్గర అన్న మాటా కుదిరింది. తీరా తవ్వితే, యెహోషువ కాలం అని లెక్కగట్టిన రోజుల్లో అక్కడ ఊరే లేదు. అంతకు వెయ్యేళ్ల ముందే పాడుబడింది. దీని మీద వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

లాకీషు అడ్రస్ మారింది

పెట్రీ పెంకుల లెక్క సరైనదే. కానీ ఊరి పేరు విషయంలో ఆయనా పొరబడ్డారు. తాను తవ్వింది బైబిల్‌లోని లాకీషు అనుకున్నారు. దాదాపు 40 ఏళ్లు అదే చెల్లింది. 1929లో విలియం ఆల్‌బ్రైట్ అనే పండితుడు, కాదు, లాకీషు తెల్ ఎద్-దువైర్ అనే ఇంకో పెద్ద దిబ్బ అన్నారు. 1932లో అక్కడ బ్రిటిష్ బృందం పలుగు వేసింది. 1935లో కోట ద్వారం దగ్గర, కాలిపోయిన పొరలో, సిరాతో రాసిన కుండపెంకులు దొరికాయి. యూదా రాజ్యం బబులోను చేతిలో కూలిపోయే రోజుల్లో ఒక సైనికాధికారికి వచ్చిన ఉత్తరాలవి. ఒక దాంట్లో లాకీషు నుంచి వచ్చే నిప్పు సంకేతాల కోసం చూస్తున్నాం, అజేకా సంకేతాలు కనబడటం లేదు అన్న అర్థంలో రాసి ఉంది.

చదివితే గుండె కలుక్కుమంటుంది, నిజమే. కానీ పండితులు ఇక్కడా తొందరపడలేదు. ఉత్తరంలో ఊరి పేరు ఉన్నంత మాత్రాన ఉత్తరం దొరికిన చోటే ఆ ఊరు అని ఎలా అంటాం? సిద్దిపేట అని రాసిన పెళ్లిపత్రిక వరంగల్‌లోని ఇంట్లో కూడా దొరుకుతుంది కదా. దానికి తోడు దిబ్బ సైజు, కోట గోడలు, ముట్టడి కోసం అస్సీరియన్లు పోసిన మట్టికట్ట అన్నీ కలిశాయి. నీనెవె రాజభవనం గోడల మీద క్రీ.పూ. 701 నాటి లాకీషు ముట్టడిని చెక్కారు. ఆ శిల్పాలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇవన్నీ ఒకే వైపు చూపించాయి కాబట్టే ఇవాళ దాదాపు అందరూ దాన్నే లాకీషు అంటున్నారు.

అదృష్టం బాగుంటే ఏకంగా సైన్‌బోర్డే దొరుకుతుంది. గెజెరు అలాగే తేలింది. ఫ్రెంచ్ పండితుడు క్లెర్మాంట్ గనో మొదట ఒక పాత అరబిక్ చరిత్ర పుస్తకంలో గెజెరు పేరు చూసి చోటు ఊహించారు. ఆ తర్వాత 1874లో ఆ దిబ్బ చుట్టుపక్కల బండల మీద 'గెజెరు హద్దు' అని చెక్కిన అక్షరాలు కనిపించాయి. మన ఊళ్లలో పొలిమేర దగ్గర పాతే హద్దురాయి లాంటిదే. ఫిలిష్తీయుల ఎక్రోను సంగతి ఇంకా ఈమధ్యది. 1996లో తెల్ మిక్నేలో ఒక గుడి శాసనం దొరికింది. కట్టించిన రాజు పేరు, అతని తండ్రి తాతల పేర్లు, ఎక్రోను అన్న ఊరి పేరు అన్నీ అందులో ఉన్నాయి. ఇక వాదించడానికేం మిగల్లేదు.

ఒక్క పేరు.. నలుగురు పోటీ

అన్నీ ఇంత చక్కగా తేలవు. ఎమ్మాయు కథ వింటే నవ్వొస్తుంది. తెలుగు బైబిల్‌లో యెరూషలేముకు ఆమడ దూరం అని ఉంటుంది. గ్రీకు మూలంలో 60 స్తాదియాలు, అంటే దాదాపు 11 కిలోమీటర్లు. కానీ కొన్ని పాత చేతిరాత ప్రతుల్లో 160 స్తాదియాలు అని ఉంది. అంటే 30 కిలోమీటర్లు! ఒక్క అంకె తేడాకు ఊరే మారిపోయింది. 160 నమ్మినవాళ్లు ఇమ్వాస్ అనే పల్లెను చూపించారు. పేరు కూడా బాగా దగ్గర. ఆ పల్లెను 1967 యుద్ధంలో కూల్చేశారు, ఇప్పుడక్కడ పార్కు ఉంది. 60 నమ్మినవాళ్లు ఖుబైబా అన్నారు, కొందరు అబూ గోష్ అన్నారు, ఇంకొందరు మోత్సా అంటారు. యాత్రికులు ఏ బస్సు ఎక్కితే అక్కడే ఎమ్మాయు.

నీళ్లు ద్రాక్షారసమైన కానా కూడా అలాంటిదే. యాత్రలన్నీ వెళ్లేది నజరేతు పక్కనున్న కఫ్ర్ కన్నాకు. రాబిన్సన్ మాత్రం అప్పట్లోనే, అది కాదు, ఉత్తరాన లోయ అంచున ఉన్న ఖిర్బెత్ కానా అనే పాడుబడ్డ దిబ్బ అన్నారు. చాలామంది పురావస్తు పండితుల మొగ్గు ఇప్పుడు అటే. అయినా బస్సులు పాత దారినే వెళ్తాయి. దారి సులువు, చర్చి ఉంది, దుకాణాలున్నాయి. ఇందులో ఎవర్నీ తప్పుపట్టలేం. వందల ఏళ్లు జనం దండం పెట్టుకున్న చోటుకూ ఒక విలువుంటుంది. కాకపోతే అది వేరే లెక్క, అసలు ఊరు ఎక్కడన్నది వేరే లెక్క.

పేతురు ఊరు బేత్సయిదా కోసమైతే రెండు బృందాలు పక్కపక్కనే తవ్వాయి. గలిలయ సరస్సుకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎత్-తెల్ (ఇది హాయి దగ్గరి ఎత్-తెల్ కాదు, పేరు అదే) అని 1987 నుంచి ఒకరు, ఒడ్డునే ఉన్న ఎల్ అరజ్ అని 2016 నుంచి ఇంకొకరు. జాలరుల ఊరు ఒడ్డున ఉండాలి కదా అన్నది రెండోవాళ్ల మాట. 2022లో ఎల్ అరజ్ చర్చి నేల మీద అపొస్తలుల్లో మొదటివాణ్ని తలచుకునే గ్రీకు రాత దొరికింది. అయితే ఆ చర్చి యేసు కాలానికి వందల ఏళ్ల తర్వాతది. అప్పటివాళ్లు ఇదే బేత్సయిదా అని నమ్మారని మాత్రం దాంతో తెలుస్తుంది.

మన బోధన్‌కూ ఈ తిప్పలు తప్పలేదు. బౌద్ధ గ్రంథాల్లోని 16 మహాజనపదాల్లో గోదావరి తీరాన ఉన్నది అస్సక, అంటే అశ్మక. దాని రాజధాని పోతన లేదా పోతలి. అదే పోదన, అదే బోధన్ అని చాలామంది చరిత్రకారుల మాట. బాహుబలి ఏలిన పౌదనపురం కూడా ఇదేనంటారు, కానీ శ్వేతాంబర జైనులు బాహుబలిది తక్షశిల అంటారు. ఇక ఊళ్లో అడిగితే, ఇది ఏకచక్రపురం, భీముడు బకాసురుణ్ని చంపింది ఇక్కడే అంటారు. ఆ మాట అనే ఊళ్లు ఉత్తరాదిలోనూ ఉన్నాయి. అస్సక రాజధాని అనడానికి పేరు, నది ఒప్పుకుంటున్నాయి. ఆ కాలం నాటి పేరు చెక్కిన రాయి ఒక్కటి దొరికితే కొలనుపాకలా ఇదీ తేలిపోతుంది.

దిబ్బలున్నాయి.. పేర్లే లేవు

పాలస్తీనాలో పేర్లు చేతిలో పట్టుకుని దిబ్బల కోసం వెతుకుతారు. తెలంగాణలో కథ తిరగబడింది. దిబ్బలు కళ్లముందే ఉన్నాయి, పేర్లే దొరకడం లేదు.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ ఆంధ్రుల గురించి రాశాడు. ప్రాకారాలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2 వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయని లెక్క చెప్పాడు. ఆ 30 ఊళ్ల పేర్లు మాత్రం చెప్పలేదు! పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో మట్టికోట, బౌద్ధ స్తూపం బయటపడ్డాయి. ఆ 30లో ఇదొకటి కావచ్చంటారు. జగిత్యాల జిల్లా కోటిలింగాల దగ్గర గోదావరి ఒడ్డున దొరికిన నాణేలైతే చరిత్ర పుస్తకాల్లో ఒక అధ్యాయాన్నే మార్చాయి. శాతవాహనులకు ముందు ఏలిన గోభద, నారన, కంవాయ, సమగోప అనే రాజుల పేర్లు, శాతవాహన మొదటి రాజు సిముకుడి పేరు ఆ నాణేల మీదే కనబడ్డాయి. రాజుల పేర్లు తెలిశాయి, వాళ్లేలిన ఊరి ఆనాటి పేరు మాత్రం తెలియదు. ఆ చోటుకు ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనక నీళ్ల ముప్పు వేరే.

సిద్దిపేట జిల్లాకు వస్తే ఇంకా వెనక్కి పోవాలి. 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ నంగునూరు మండలం నర్మెటలో, సిద్దిపేట దగ్గర పుల్లూరులో బృహత్ శిలాయుగపు సమాధులు తవ్వింది. నర్మెటలో ఒక సమాధి మీద కప్పిన బండ బరువు 40 టన్నులకు పైనే. దాన్ని లేపడానికి భారీ క్రేన్ తేవాల్సి వచ్చింది. మరి క్రేన్లు లేని కాలంలో దాన్ని అక్కడ పెట్టినవాళ్లు ఎంతమంది, ఏ ఊరివాళ్లు? వాళ్లు రాత వదల్లేదు. వాళ్ల ఊరి పేరు ఏ గ్రంథంలోనూ లేదు. మిగిలిందల్లా మట్టి, పెంకులు, ఎముకలు, రాళ్లు.

అందుకే ఇక్కడ పాటిగడ్డ పోతే అన్నీ పోయినట్టే. లాకీషు దిబ్బ పోయినా బైబిల్‌లో పేరైనా ఉండేది. ఇక్కడ ఆ పేరూ లేదు. చిక్కేంటంటే పాటిమన్నుకు సత్తువ ఎక్కువ. తరాల బూడిద, పెంట, ఎముకలు కలిసిన మన్ను అది. చెలకల్లో చల్లితే పంట బాగొస్తుందని రైతులకు ఎప్పట్నుంచో తెలుసు. ఒకప్పుడు ఎడ్లబండ్లలో తోలేవాళ్లు, కొంచెం కొంచెంగా పోయేది. ఇప్పుడు జేసీబీ, ట్రాక్టర్ దిగితే వారంలో దిబ్బ చదును. ఈజిప్టులోనూ పాత ఊళ్ల మట్టిని ఇలాగే ఎరువుకు తోలి ఎన్నో పట్టణాలను ఖాళీ చేశారు. రైతుది తప్పని అనడానికి లేదు, అది ఏమిటో చెప్పినవాళ్లే లేరు.

నాణెమో, పూసలో, రాత ఉన్న రాయో దొరికితే ఏం చేయాలి? 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పాత వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. దగ్గర్లోని తహసీల్దార్ ఆఫీసుకు చెబితే దారి చూపిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, దొరికిన చోటు నుంచి కదిలించకముందే ఫోన్‌లో ఫొటో తీయండి, లొకేషన్ ఆన్ చేసి మరీ. పొరలోంచి తీసేసిన నాణెం అడ్రస్ చిరిగిపోయిన ఉత్తరం లాంటిది. ఏ రాజుదో చెబుతుంది, ఏ ఊరిదో చెప్పదు.

ఇంకో పని ఖర్చు లేనిది. 1870ల్లో బ్రిటిష్ సర్వేయర్లు కాండర్, కిచెనర్ పాలస్తీనా అంతా కొలిచి, మైలుకు అంగుళం లెక్కన 26 షీట్ల మ్యాపు వేశారు. తర్వాత భారత సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్‌గా వచ్చిన కిచెనరే ఈయన. ఊళ్ల పేర్లే కాదు, బావులు, గుట్టలు, పాడుబడ్డ చోట్ల పేర్లు కూడా వేల సంఖ్యలో జనాన్ని అడిగి రాసుకున్నారు. ఆ పల్లెల్లో చాలా ఇప్పుడు లేవు. పండితులు ఇవాళ్టికీ ఆ మ్యాపే ముందేసుకుని కూర్చుంటారు.

ముంపు ఊళ్ల పెద్దలు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఏ చెలకను పాటిమీద అనేవాళ్లు, ఏ గట్టును రాకాసి గుళ్లు అనేవాళ్లు, బొందలగడ్డ ఎటువైపు ఉండేది, ఊరు అంతకుముందు ఎక్కడ ఉండేదని తాతలు చెప్పారు... ఇవన్నీ వాళ్లకు నోటికొచ్చు. పాత గ్రామ నక్షా ముందు పెట్టి అడిగితే సర్వే నంబరుతో సహా చూపిస్తారు. అడిగేటప్పుడు రాబిన్సన్ పాటించిన జాగ్రత్త ఒకటుంది. 'ఇది బేతేలేనా?' అని అడిగితే వచ్చిన అతిథిని నొప్పించడమెందుకని 'అవును' అనేస్తారు. అందుకే ఆయన ఊరి పేరు తన నోటితో చెప్పకుండా, 'దీన్ని మీరేమంటారు?' అని మాత్రమే అడిగేవారు.